లోపల ఒక్కరే

నవంబరు నెల నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటలకు పురపాలక భవనం పై అంతస్తులోని సభామందిరంలో పౌరసభ చివరి విడత సమావేశం మొదలైంది. హాజరైనవారు: అధ్యక్షస్థానంలో, తాను పదవీ విరమణ చేసినా గొంతులోని తీర్పు ఇంకా విరమించని న్యాయమూర్తి, ఆయన కుడిపక్కన కార్యదర్శి, ఎడమపక్కన, నల్లబల్ల మీద అంకెలు వేయకుండా మాట్లాడలేని లెక్కల ఆచార్యుడు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో పరిచిన బల్లల వెనుక, లాటరీలో పేరు తగిలినందుకు పనులు మానుకుని వచ్చిన సభ్యులు. వారిలో రొట్టెల బట్టీ నడిపే ఆవిడ, ఆసుపత్రి నర్సు, లారీ డ్రైవరు, బ్యాంకు గుమాస్తా, ఇంకా అటువంటివారే అనేకులు. అందరికంటె చివర, కిటికీ పక్క కుర్చీలో, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపట్టే ఒక నడివయస్సు స్త్రీ. గైర్హాజరు ఎవరూ లేరు. సందర్శకుల గ్యాలరీ ఆనాటికి ఖాళీగా ఉంది.

తేల్చవలసిన ప్రశ్న చూడటానికి చిన్నదే. దేశంలో ఓటు వేసే పద్ధతిని మార్చమని సలహా ఇవ్వాలా, వద్దా. ఇన్నాళ్ళూ కాగితం మీద ఒక్క ముద్ర. ఎవరికి ఎక్కువ ముద్రలు పడితే వారిదే గెలుపు, మిగిలినవారి ఓట్లన్నీ కలిపితే అంతకు రెండింతలైనా సరే. కొత్త పద్ధతిలో ఓటరు పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని తన వరుస వేస్తాడు. ఎవరికీ సగానికి మించి రాకపోతే అట్టడుగున ఉన్నవాణ్ణి తప్పించి, అతని కాగితాలను వాటిమీద తరువాతి స్థానంలో ఉన్నవారికి పంచుతారు; ఎవరో ఒకరు సగం దాటేవరకు ఇదే తంతు. పెద్దలు ఈ విషయమై ఏళ్ళ తరబడి కీచులాడుకుని, చివరికి చేతులు దులుపుకుని, లాటరీ తీసి మామూలు మనుషులను కొందరిని ఒకచోట కూర్చోబెట్టారు.

కిటికీ పక్క స్త్రీకి 'కళ్ళజోడక్క' అన్న పేరు పెట్టింది లారీ డ్రైవరు. మొదటి విడత సమావేశంలో అతని కళ్ళజోడు కాడ ఊడిపోతే, ఆమె సంచిలోంచి చిన్న పనిముట్టు తీసి, ఆచార్యుడు ఒక ఉదాహరణ ముగించేలోపల స్క్రూ బిగించి ఇచ్చింది. అప్పటినుంచి సభ అంతా ఆమెను అలాగే పిలుస్తున్నది, ఆమె పలుకుతున్నది. తొలిరోజుల్లో ఈ సభ్యత్వం ఆమెకు మెడకు తగిలించుకున్న గుదిబండలా తోచింది. పోనుపోను రుచి పట్టింది. పనిలో అద్దాన్ని వేళ్ళ మధ్య తిప్పినట్టే ఒక్కొక్క వాదాన్నీ తిప్పి చూసుకోవటం, ఎక్కడ గరుకుందో తడిమి తెలుసుకోవటం అలవాటైంది. తనకు కూడా ఒక అభిప్రాయమంటూ ఏర్పడుతున్నదని గమనించి, ఎవరికీ చెప్పకుండా లోలోపల కొంత మురిసిపోయింది.

ఆ ఉదయం కార్యదర్శి శుక్రవారంనాటి కార్యక్రమం చదివి వినిపించాడు. నిబంధనల ప్రకారం సభ్యులు చేతులెత్తి తమ నిర్ణయం తెలుపుతారు. సభలో జరిగేది ప్రజలకు తెలియాలి గనుక ఆ రోజు గ్యాలరీ అందరికీ తెరిచి ఉంటుంది. బల్ల అంచును తడుముతున్న కళ్ళజోడక్క బొటనవేలు అక్కడే ఆగిపోయింది.

లారీ డ్రైవరు ఆమె వైపు వంగి, "చెయ్యెత్తమంటే నాకు బళ్ళో పంతుల్ని బయటికి పోతానని అడిగినట్టుంటుంది అక్కా" అని గొణిగాడు.

ఆమె నవ్వలేదు. ఖాళీ గ్యాలరీ మొదటి వరుసలో ఆమెకు అప్పుడే ఇద్దరు మనుషులు కనిపిస్తున్నారు.

ఆ ఇద్దరిలో మొదటివాడు ఆమె యజమాని. సమావేశం ముగిసిన తరువాత ఆమె తిన్నగా దుకాణానికే పోయింది. పగలు పేరుకున్న పనిని సాయంత్రం తీర్చుకోవటం ఆ వారాల్లో ఆమెకు మామూలైంది. పనిగది దుకాణం వెనుక భాగాన ఉంటుంది. సాన యంత్రం మీద నీటిచుక్క సన్నగా పడుతూ ఉండాలి. అది తప్పితే అద్దం వేడెక్కి బీటవారుతుంది, ఎక్కువైతే వేళ్ళు జారతాయి. ఆమె నీటిని సరిచేసి, అద్దాన్ని రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని, అంచుకు వాలు తీస్తూ తిప్పింది. రాయికీ అద్దానికీ మధ్య చప్పుడు గరగర నుంచి సన్నని ఈలలోకి మారినప్పుడు ఆపింది. ఫ్రేము గాడిలో పెట్టి నొక్కితే అద్దం చిటుక్కుమని కూర్చుంది.

యజమాని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. కళ్ళు పరీక్ష చేసేది ఆయనే. ఇంతకాలంలో ఆమెను ఒక్క పరుషమైన మాట అని ఎరగడు. సభ ఉన్న రోజులకు జీతం కోయలేదు సరికదా, తొలిరోజు తన కారులో పురపాలక భవనం మెట్ల దాకా దింపి వచ్చాడు. బజారుకు అవతల రెండో దుకాణం తెరవబోతున్నాడు. అక్కడి పనిగది ఆమె చేతుల్లో పెడతానని మాట ఇచ్చి, తాళంచెవులు కూడా చూపించాడు. ఇవన్నీ నిజమే. ఆ ఊరి నియోజకవర్గం నుంచి చట్టసభకు గెలుస్తూ వస్తున్న సభ్యుడు ఆయన బావమరిది కావటమూ నిజమే. ఆ బావమరిదికి ఏనాడూ సగం ఓట్లు వచ్చింది లేదు. ఎదుటివాళ్ళు ముగ్గురు నలుగురుగా చీలిపోతూ ఉంటే ఆయన మధ్యలోంచి బయటపడుతూ ఉంటాడు. కొత్త పద్ధతి వస్తే ఆ సందు పూడిపోతుంది.

"శుక్రవారంట కదా" అన్నాడు యజమాని.

"అవునండీ."

పాత పద్ధతిలో ఉన్న సుఖం ఆయన చాలాసేపు చెప్పాడు. తన దగ్గరికి వచ్చే ముసలివాళ్ళను చూడమన్నాడు. వాళ్ళు ఒక్క ముద్ర సరిగ్గా వేస్తే చాలు, వరుసలు వేయమంటే కాగితం పాడుచేసి పోతారు. అది వంకగా చెప్పిన మాట కాదు; ఆయన నమ్మిన మాట. ఆమె కూడా ఆ వాదాన్ని సభలో విని, తిప్పి చూసుకుని, అందులో బరువుందని పక్కన పెట్టుకుంది.

"నేనేం చెప్పటం లేదమ్మాయ్. నీ బుర్ర నీది. నువ్వు మన మనిషివి, అంతే. శుక్రవారం నేనూ వస్తాలే, పైన కూచుంటాను" అని, ఆమె బిగించిన ఫ్రేమును దీపం వెలుగులో ఎత్తి చూసి, బాగుందన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు.

రెండోవాడు ఆమె మరిది. చెల్లెలి ఇంట్లో మేడమీది గదిలో ఆమె కాపురం. అద్దె ఊసెత్తితే చెల్లెలి కంటె ముందు మరిదే కోప్పడతాడు. బళ్ళో చరిత్ర చెబుతాడు. ఓటు హక్కు వచ్చిననాటి నుంచి అతను ముద్ర వేసిన మనిషి ఒక్కసారి కూడా గెలవలేదు. ఓడిపోతాడని తెలిసి తనకు నచ్చినవాడికి వేయటమా, నచ్చనివాడు రాకుండా నచ్చీనచ్చనివాడికి వేయటమా అన్న మీమాంసలో అతని జుట్టు నెరిసింది. పౌరసభ లాటరీలో వదినగారి పేరు వచ్చిన రోజు అతను మిఠాయి తెచ్చి ఇంటిల్లిపాదికీ పంచాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా అదే ప్రసంగం. అతను పళ్ళెంలోని మెతుకులను మూడు కుప్పలు చేసి, చిన్న కుప్పను వేలితో మిగతా వాటిలోకి నెట్టి చూపించాడు. చెల్లెలు, "అన్నంతో ఆటలేమిటండీ, పిల్ల చూస్తోంది" అని కసిరింది.

"చరిత్రే ఇంట్లో అన్నం తింటూ ఉంటే చూపించొద్దంటావేమిటి" అన్నాడతను వదినగారి వైపు చూపిస్తూ. తరువాత గొంతు తగ్గించి, "నేను బలవంతం పెట్టటం లేదు వదినా. శుక్రవారం బడికి సెలవు పెట్టాను. పిల్లని కూడా తీసుకొస్తాను. పెద్దమ్మ చెయ్యెత్తుతుంటే అది చూడాలి" అన్నాడు.

పిల్ల అప్పుడే ఒక చెయ్యి ఎత్తి చూపింది. అందరూ నవ్వారు. కళ్ళజోడక్క కూడా నవ్వి, ముద్ద మింగటానికి మంచినీళ్ళు తాగవలసి వచ్చింది.

తరువాత గిన్నెలు కడిగేటప్పుడు చెల్లెలు పక్కన నిలబడి, తడిగుడ్డతో తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తూ, "నువ్వెటు ఎత్తినా నాకొకటే అక్కా. కాకపోతే తెల్లారి లేస్తే ఆ మనిషి మొహం చూడాల్సింది నేను. అదొక్కటి గుర్తుపెట్టుకో" అన్నది.

ఆమె గుర్తుపెట్టుకోకుండా ఉండగలిగితే కదా. చెయ్యి ఎత్తితే పని పోతుంది, ఎత్తకపోతే ఇల్లు పోతుంది. పోతుందని ఎవరూ అనలేదు. యజమాని ఆమెను తీసివేసే మనిషి కాదు, మరిది వెళ్ళగొట్టే మనిషి కాదు. కాని కొత్త దుకాణం తాళంచెవులు యజమాని సొరుగులోనే ఉండిపోతాయి. అన్నం పెట్టే ఇంట్లో మాటలు పొడిపొడిగా రాలుతాయి. వాళ్ళు ఒక్కసారి కసిరి ఉంటే ఆమెకు మొండితనం వచ్చేది. ఇద్దరూ ఆదరించి ఆమె చేతిని చెరో పక్కనుంచి పట్టుకున్నారు.

బుధవారం సభలో ఆచార్యుడి ప్రసంగం ఆమె చెవికి ఎక్కలేదు. రొట్టెల బట్టీ ఆవిడ లేచి, పాత పద్ధతిలో జనానికి కోపం వస్తే గెలిచిన సభ్యుణ్ణి దించటం తేలిక, కొత్త పద్ధతిలో అందరికీ రెండో స్థానంగా మంచివాడనిపించుకుని కదలకుండా కూర్చునేవాళ్ళు తయారవుతారని చెప్పింది. బ్యాంకు గుమాస్తా దానికి జవాబిచ్చాడు. మంచి వాదాలే. మూడు రోజుల కిందట అయితే కళ్ళజోడక్క వాటిని చేతుల్లోకి తీసుకుని చూసేది. ఆనాడు మాత్రం ఏ వాదం విన్నా అది యజమాని గొంతులోనో మరిది గొంతులోనో వినిపించి, తనది ఏదో తనకే అంతుచిక్కకుండా పోయింది. ఇన్ని వారాలుగా నలిగి నలిగి తయారైన అభిప్రాయం ఎక్కడికి పోయిందో అని ఆమె నిజంగానే దిగులుపడింది.

విరామంలో టీ తాగుతూ లారీ డ్రైవరు తనంతట తానే బయటపడ్డాడు. ఈ చర్చ మొదలైనప్పటినుంచి కొత్త పద్ధతిని ఎత్తిపొడుస్తూ వస్తున్నది అతనే. "నాదంతా నోటి గొడవే అక్కా. ఈ చెయ్యి నాది కాదు, మా యూనియన్ సెక్రటరీది. శుక్రవారం పదిమందిని వెంటేసుకుని వస్తాడు. చెయ్యి నాదే అయ్యుంటే ఎటు లేచేదో నాకే తెలియదు" అని, చేతిని బల్లమీద పరిచి, ఎవరిదో పరాయి వస్తువును చూసినట్టు చూశాడు.

గురువారం పొద్దున ఆమె సభకు వెళ్ళేముందు దుకాణంలో ఆగింది. అప్పటికే ఒక ముసలాయన బెంచీ మీద కూర్చుని, వారం కిందట తీసుకుపోయిన కళ్ళజోడును చేతిలో పట్టుకుని ఉన్నాడు. పెట్టుకుంటే మెట్లు పైకి లేచి వస్తున్నాయట. ఆమె అద్దాలను పరీక్షయంత్రం కింద పెట్టి చూసింది. పరీక్ష చీటీలో రాసిన అంకెలకూ అద్దాలకూ వెంట్రుకవాసి తేడా లేదు. చేతిపని తప్పు కాదని మనసు కుదుటపడి, చీటీని యజమానికి అందించింది. ఆయన చీటీ చూశాడు, ముసలాయనను చూశాడు, నుదురు కొట్టుకున్నాడు.

పరీక్షగది తలుపు మీద ఆయన తన చేత్తోనే తెల్లరంగుతో రాసుకున్న నియమం ఒకటి ఉంది: లోపల ఒక్కరే. వెంట ఎవరు వచ్చినా, తల్లి అయినా, భర్త అయినా, తెర బయటే కూర్చోవాలి. చంటిపిల్లల విషయంలో తప్ప ఆయన దాన్ని సడలించింది లేదు. వారం కిందట ఆ రోజు మాత్రం బావమరిది పెట్టిన బహిరంగసభకు పోవాలన్న తొందరలో ఉండి, ముసలాయన కోడలు లోపలికి వచ్చి నిలబడితే చూసీచూడనట్టు ఊరుకున్నాడు.

"నా బుద్ధి గడ్డి తిని రానిచ్చాను" అని ఆయన ముసలాయన ముందే ఒప్పుకున్నాడు. "మరి కనబడకపోతే కనబడలేదని చెప్పాలి కదా తాతా. అది బాగుందా ఇది బాగుందా అని అన్నిసార్లు అడిగితిని."

"ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది బాబూ" అన్నాడు ముసలాయన. "ఆఫీసుకి ఆలస్యమైపోతోంది పాపం. నాకు అక్షరాలన్నీ చక్కగా కనబడ్డాయి."

కోడలు దుర్మార్గురాలు కాదు. ఆ పూట కూడా బయట నిలబడి, మామగారికి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని ఉన్నది ఆమే. యజమాని ముసలాయనను ఒక్కణ్ణే లోపలికి తీసుకుపోయి తెర వేశాడు. కళ్ళజోడక్క పాత అద్దాలు ఊడదీసి, ఫ్రేము గాడిని మెత్తటి గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. తెర లోపలినుంచి ముసలాయన గొంతు నింపాదిగా వస్తున్నది. అది కాదు, ఇంతకుముందుదే నయం. ఉహూఁ, ఇదీ కాదు. వారం కిందట అన్నిటికీ బాగుందన్న మనిషేనా అనిపించేటంత తాపీగా, దాదాపు పేచీకోరులా, ఒక్కొక్క అక్షరానికీ బేరమాడుతున్నాడు. ఆమె చేతిలోని గుడ్డ నిలిచిపోయింది. కొంతసేపు అలాగే తెర వైపు చూస్తూ కూర్చుని, తరువాత లేచి కొత్త అద్దం తీసి యంత్రం మీద నీళ్ళు వదిలింది.

శుక్రవారం గ్యాలరీ నిండిపోయింది. మొదటి వరుసలో ఒక కొసన యజమాని. రెండో కొసన మరిది, ఒళ్ళో పిల్ల. మధ్యలో యూనియన్ సెక్రటరీ, అతని పరివారం. ఆసుపత్రి పెద్ద డాక్టరు కూడా వెనుక వరుసలో కనిపించాడు. పిల్ల కిందికి చెయ్యి ఊపింది. కళ్ళజోడక్క తిరిగి ఊపబోయి, చెయ్యి లేపితే అదేదో లెక్కలోకి వస్తుందేమోనన్నట్టు ఒళ్ళోకి దించుకుంది.

న్యాయమూర్తి ప్రశ్నను చదివారు. అనుకూలురు చేతులెత్తవలసిందని అనబోతుండగా ఆమె లేచి నిలబడింది. ఇన్ని వారాల్లో ఆమె సభను ఉద్దేశించి నోరు విప్పటం అదే మొదలు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకే సభ అంతా ఆమె వైపు తిరిగింది. చెయ్యెత్తకుండా, కాగితం మీద, మరుగున వేసుకునే వీలుందా అని అడిగింది.

న్యాయమూర్తి మర్యాదగానే కాదన్నారు. చట్టసభలో సభ్యులు ఏ పక్షాన నిలిచారో ఎన్నుకున్నవారికి తెలియాలి. దాచుకోవలసిన అవసరం మంచి సభకు ఉండకూడదు. ఆమె ఆ మాటను విని, తమను ఎవరూ ఎన్నుకోలేదని చెప్పింది. లాటరీలో వచ్చినవాళ్ళం, ఎవరి తరఫునా రాలేదు. ఎవరి తరఫునా రాని మనుషులనే కావాలని ఏరుకున్నారు కదా అన్నది.

"మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?" అని అడిగారు న్యాయమూర్తి.

"లేదండీ. బెదిరిస్తే మీతో చెప్పేదాన్ని. బాగా చూసుకున్నారు. దానికేం చెయ్యాలో తెలియటం లేదు."

సభలో చిన్న అలికిడి. ఆమె చూపును బల్ల మీదినుంచి ఎత్తలేదు. బొటనవేలు అంచు వెంబడి నడుస్తున్నది.

"మా కొట్లో కళ్ళు చూసే గది ఉందండీ. తలుపు మీద 'లోపల ఒక్కరే' అని రాసుంటుంది. వెంట వచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. కన్నవాళ్ళు, కట్టుకున్నవాళ్ళు. కాని వాళ్ళు పక్కనుంటే మనిషి తనకేం కనబడిందో చెప్పడండీ. వాళ్ళ కాలు నొప్పి పుట్టకుండా ఏది చెప్పాలో అది చెబుతాడు. పోయిన వారం ఒకాయన అలాగే చెప్పి, ఇంటికిపోయి మెట్లమీద పడబోయాడు." ఆమె బొటనవేలు బల్ల కొసన ఆగింది. "నాకేం కనబడిందో నాకు తెలుసండీ. ఇక్కడ మాత్రం చెప్పలేను."

నర్సు ఒక్కసారి గ్యాలరీ వెనుక వరుసకేసి చూసి తల దించుకుంది; ఆ చూపు న్యాయమూర్తి కంటపడింది. లారీ డ్రైవరు గొంతు సవరించుకుని, ఆమె మాటను తాను బలపరుస్తున్నానని, ఎందుకని మాత్రం అడగవద్దని అన్నాడు. న్యాయమూర్తి కార్యదర్శితో చెవిలో ఏదో మాట్లాడారు. కార్యదర్శి నిబంధనల పుస్తకం తిరగేసి, సభ కోరితే పద్ధతి మార్చవచ్చునని, అయితే ఆ కోరికను కూడా చేతులెత్తే తెలపాలని, చెప్పటానికి తనకే కొంచెం సిగ్గుగా ఉన్నట్టు చెప్పాడు.

"అయితే, మరుగు కోరేవారు చేతులెత్తండి" అన్నారు న్యాయమూర్తి.

కళ్ళజోడక్క చెయ్యి లేచింది. లారీ డ్రైవరు చెయ్యి సగం లేచి, గ్యాలరీలో ఎవరో దగ్గేసరికి చెవి గోక్కోవటానికి పోయింది. మరొకటి లేవలేదు. మరుగు కావాలని అడగటమంటే మరుగుపరచుకోవలసినది తనకొకటి ఉందని పదిమందిలో ఒప్పుకోవటమే. ఆమె చెయ్యి ఒంటరిగా గాలిలో ఉంది. దించాలో ఉంచాలో తెలియలేదు.

అప్పుడు గ్యాలరీలో మొదటి వరుస కొసన కుర్చీ చప్పుడైంది. యజమాని లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం ఎర్రబడి ఉన్నది. ఏదో అభ్యంతరం చెబుతాడని అందరూ అటు తిరిగారు.

"ఆ రాత నాదేనండీ" అన్నాడాయన, న్యాయమూర్తికో తనకో తెలియకుండా. "లోపల ఒక్కరే. నేనే రాశాను." వరుస వెంట అడ్డంగా నడిచి, అందరి కాళ్ళూ తప్పించుకుంటూ రెండో కొసకు వచ్చి, మరిది ముందు ఆగాడు. "రండి మాస్టారూ, మనం బయట కూచుందాం" అని చెయ్యి చాచాడు.

మరిది ఒకసారి కిందికి, వదినగారి ముఖంలోకి చూశాడు. ఏం చూశాడో గాని, పిల్లను భుజాన వేసుకుని లేచాడు. వాళ్ళిద్దరూ తలుపు దాటాక పెద్ద డాక్టరు చేతిగడియారం చూసుకుని, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు వెళ్ళిపోయాడు. యూనియన్ సెక్రటరీ కొంతసేపు బిగుసుకుని కూర్చున్నాడు. తన చుట్టూ కుర్చీలు ఖాళీ అవుతూ ఉంటే తాను మాత్రమే మిగలటం కనిపించి, పరివారంతో సహా కదిలాడు. చివరి మనిషి వెనుక తలుపు మూసుకున్న తరువాత న్యాయమూర్తి, మరుగు ఎవరికి కావాలన్న ప్రశ్నే మళ్ళీ అడిగారు. చేతులు లేచాయి. రొట్టెల బట్టీ ఆవిడది, గుమాస్తాది, నర్సువి రెండూ. లారీ డ్రైవరు తన చేతిని ఎత్తి, అక్కడ దాన్ని చూసుకుని, నవ్వాడు.

మిగిలినదంతా ఇంటిపని లాగా జరిగింది. గుడ్డ తొడిగిన నోటీసుబోర్డులు రెండు లాక్కొచ్చి మూలన గదిలా నిలబెట్టారు. పెట్టె దొరకక, కింది హాలులోని సలహాల పెట్టె తెప్పించారు; అందులో ఎన్నేళ్ళ నాటివో కుళాయిల గురించి, కుక్కల గురించి ఫిర్యాదులుంటే కార్యదర్శి వాటిని భక్తిగా ఒక కవరులో పెట్టాడు. ఒక్కొక్కరే లోపలికి పోయి వచ్చారు. కళ్ళజోడక్క బోర్డుల మధ్య నిలబడినప్పుడు ఆమె చుట్టూ ఎవరి గొంతూ లేదు. బుధవారంనాడు పోగొట్టుకున్నాననుకున్నది ఎక్కడికీ పోలేదు; పెట్టినచోటే ఉంది. ఆమె ఇష్టమైనంతసేపు నిలబడి, రెండు గడులనూ చూసి, ఒకదానిలో గుర్తు పెట్టింది. ఏ గడిలో అన్నది తెర లోపలి సంగతి.

కొద్దిపాటి తేడాతో, పద్ధతి మార్చమనే సలహా నెగ్గింది.

ఆమె మెట్లు దిగి వచ్చేసరికి, భవనం ఎదుట టీ దుకాణంలో యజమాని, మరిది ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని ఉన్నారు. ఫలితం వాళ్ళకు అప్పటికే తెలిసింది. మరిది బిస్కట్లను నాలుగు వరుసలుగా పేర్చి, ఓట్లు ఒకరినుంచి ఒకరికి ఎలా పోతాయో రెండో విడత చెబుతున్నాడు. తీరా చూస్తే ఒక వరుస మాయమై ఉంది.

"నాలుగోవాడేడండీ?" అన్నాడతను.

"అట్టడుగువాణ్ణి తీసెయ్యమన్నారు కదా మాస్టారూ. తీసేశాను" అని యజమాని మూతి తుడుచుకున్నాడు.

పిల్ల ముందు నవ్వింది. కళ్ళజోడక్క ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి, కడుపులోంచి వచ్చిన నవ్వు నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటానికి మరిది టీలో రెండుసార్లు చక్కెర వేసుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఒకసారి నోరు తెరిచాడు గాని, చెల్లెలు చూసిన చూపుకు ఆ నోట్లోకి ముద్ద పోయింది. తరువాత అతనే లేచి వదినగారి గ్లాసులో నీళ్ళు పోశాడు.

శనివారం పొద్దున ఆమె దుకాణంలోకి వచ్చేసరికి యజమాని బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"బావమరిది ఫోను చేశాడు" అన్నాడు. "మీ మనిషి ఎటు వేసిందీ అని. పొద్దున్నుంచి రెండుసార్లు." ఆయన ఆమె వైపు కాకుండా ఫోను వైపు చూస్తున్నాడు. అడగలేదు, ఆ మాటను మాత్రం బల్లమీద పెట్టి ఊరుకున్నాడు.

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పరిచింది. ముందురోజు సాయంత్రం కార్యదర్శి సభ్యులందరికీ ఇచ్చిన హామీపత్రం అది. నేను ఏ విధంగా ఓటు వేశానో ఎవరికీ, ఏ సందర్భంలోనూ వెల్లడించను. కింద ఆమె సంతకానికి చోటు; దాని కింద, సభ్యురాలిని చాలాకాలంగా ఎరిగిన పెద్దమనిషి ఒకరి సాక్షి సంతకానికి చోటు.

"చాలాకాలంగా ఎరిగినవాళ్ళు మీరేనండీ" అన్నది.

యజమాని కళ్ళజోడు ముక్కుమీదికి జరుపుకుని కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. ఆయన భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి. అప్పటిదాకా అవి ఎత్తి ఉన్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

"బతికించావమ్మాయ్" అన్నాడు. "ఇక వాడు అడిగితే నా సంతకం నా నోరు కుట్టేసిందని చెబుతాను."

ఆమె కలం తీసి సంతకం చేసింది. ఆయన తన సంతకాన్ని, పరీక్ష చీటీల మీద చేసినట్టు గొలుసుగా కాకుండా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా చేశాడు. సిరా ఆరేదాకా ఇద్దరూ ఆగారు.

"కొత్త కొట్లో సాన యంత్రం సోమవారం బిగిస్తారు" అన్నాడాయన సొరుగు లాగుతూ. "నీళ్ళ గొట్టం ఏ పక్కకి రావాలో నువ్వుండి చెప్పాలి." తాళంచెవులు బల్లమీద పడ్డాయి.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిశాయో లేదో బొటనవేలితో తడిమి చూసి, సోమవారం కార్యదర్శికి అప్పగించేదాకా నలగకుండా, ఖాళీ కళ్ళజోడు పెట్టె ఒకటి తెరిచి అందులో పెట్టింది. మూత చిటుక్కుమని పడింది.